తొమ్మిదో గిన్నె

పన్నెండో నెల, 2

అత్త గడ్డి తెచ్చింది. రెండు కట్టలు. కోళ్ళ కింద పరవడానికట. మా ఇంట్లో కోళ్ళు పోయినేడాదే అయిపోయాయి.

అత్తే కట్టల్ని పెరటి కొట్టంలో పెట్టి, పైన చిరిగిన వల కప్పి, చేతులు దులుపుకుంటూ వచ్చి, "చలి ముదిరింది కదే" అంది. ముదిరిందన్నాను. ఆ గడ్డి ఎందుకో నాకు తెలుసు. నాకు తెలుసని ఆవిడకీ తెలుసు. అది ఆజూ వాళ్ళింటి గడ్డి. ఆజూ మొగుడి బొమ్మకి పోగా మిగిలింది.

అరవై మూడో నంబరు పడవ వెళ్ళి ఇవాళ్టికి యాభై మూడు రోజులు. ఆరుగురు వెళ్ళారు, గాలివాన తర్వాత ఒక్కరూ తిరిగి రాలేదు. నాలుగిళ్ళవాళ్ళు అప్పుడే గడ్డిబొమ్మ కట్టి, పోయినవాడి బట్టలు దానికి తొడిగి, పోటు వేళకి ఒడ్డున నిలబెట్టి, నీళ్ళలోని ప్రాణం దాన్లోకి రావాలని పేరు పెట్టి పిలిచారు. పిలిచి, బొమ్మని కొండమీద పాతి, చేతులు కడుక్కుని ఇళ్ళకొచ్చారు. ఐదోవాడు ఒంటరి, పిలిచే దిక్కు లేదు. ఇక మిగిలింది మా ఇల్లు. పెళ్ళామైనా పిలవాలి, బిడ్డైనా పిలవాలి. మాకు బిడ్డల్లేరు. అంటే నేనే పిలవాలి. నేను పిలవను.

పిలవడానికి ఆయన పోతే కదా. ఆ గాలివానలో కొరియా ఓడ ఒకటి ఆరుగురిని ఎక్కించుకుందని రేవులో అందరూ చెప్పుకున్నారు. సరిగ్గా ఆరుగురు. ఆయన పినతండ్రి కొడుకు నింగ్బో రేవులో పనిచేస్తాడు. ఆరా తీయమని అతనికి ఉత్తరం రాశాను. జవాబు కొత్తేడాది పండగలోపు వస్తుంది.

పన్నెండో నెల, 3

గడ్డి పొయ్యిలో పెట్టాను. రెండు కట్టలూ.

పన్నెండో నెల, 4

"అన్నం మాడ్చావేమే?"

"మంట ఎక్కువైందత్తా."

"గడ్డిమంట అంతేలే. భగ్గుమంటుంది, ఆరిపోతుంది." గిన్నె అడుగు గీకి మాడు కూడా తినేసింది. నోరు తుడుచుకుని, "గడ్డికేం కరువు? మళ్ళీ తెస్తా. నీ చేతులు నొప్పెట్టేదాకా కాల్చుకో" అంది.

కోపంగా అనలేదు. ఆవిడ కోపం నాకు తెలుసు. ఇది అది కాదు.

పన్నెండో నెల, 8

ఎనిమిది రకాల పులగం వండాను. బంకబియ్యం, ఎర్ర చిక్కుడుగింజలు, వేరుశనగ, తామరగింజలు, ఎండు రేగుపళ్ళు. మిగతావి డబ్బాల్లో ఏవుంటే అవి. ఆయనకి రేగుపళ్ళు ఎక్కువుండాలి. ఏరి ఏరి ఆయన గిన్నెలో వేశాను. నీలం అంచు గిన్నె. పక్కన తినే పుల్లలు నిలువుగా పెట్టాను. గిన్నె మీద అడ్డంగా ఎప్పుడూ పెట్టను. పడవ ఇసుకదిబ్బకి తగులుకుంటుందంటారు.

రోజూ పెడుతున్నాను, రెండు పూటలా. దూరాన ఉన్నవాడికి ఇంట్లో చోటు ఉంచాలి కదా. అత్త రోజూ చూస్తూ ఊరుకునేది. ఇవాళ ఊరుకోలేదు.

"బతికుంటే వాడు ఎక్కడో అక్కడ ఏదో ఒకటి తింటాడు. నీ పులగం కోసం కూర్చోడు. లేకపోతేనో? బతికున్నోళ్ళ బల్లమీద పెట్టింది వాడికి అందుతుందా?"

"అత్తా, తినండి. చల్లారుతుంది."

"ఏడాది చివర ఊరంతా పెద్దలకి అన్నం పెడుతుంది. ఎవరి పెద్దలు వాళ్ళింటికొస్తారు. మీ మామ వస్తాడు. నేలమీద పోయిన అదృష్టవంతుడు, కుర్చీలో కూర్చుని మూడు గ్లాసులూ తాగుతాడు. మీ మామ అమ్మానాన్నా వస్తారు. నా కొడుకు మాత్రం గుమ్మం బయట నిలబడి చూస్తాడు. తడిబట్టల్తో. పిలవని వాడు గుమ్మం దాటలేడు కదే."

"ఆయన బతికే ఉన్నాడు."

"పిలవకపోతే పోనీ. పెద్దల బల్లమీద ఒక్క గిన్నె ఎక్కువ పెట్టు. ఏడాదికొక్కసారి. దూరాన్నుంచైనా వాసన చూసుకుంటాడు. ఇంకేం అడగట్లా నిన్ను."

"పెడితే నేనే చంపినట్టు."

ఆవిడ గిన్నె ముందుకి జరుపుకుంది. "సరే, అలాగే అను" అని పులగం రెండుసార్లు వేయించుకుని తింది.

నేను గిన్నెలు తీశాను. తర్వాత ఆయన గిన్నెలోది తిన్నాను. పారేయకూడదు కదా.

పన్నెండో నెల, 11

పెట్టె మూత సరిగ్గా పడి లేదు. అత్త ఆయన చొక్కాల కోసం వెతికి ఉంటుంది. బొమ్మకి తొడగాలంటే ఒంటిమీద వేసుకున్న బట్ట కావాలి, కొత్తది పనికిరాదు. ఉన్నవి మూడే. మూడూ తీసి ఒకదాని మీద ఒకటి వేసుకున్నాను, పైన నా కోటు.

"ఒళ్ళు చేశావే" అంది అత్త.

"తిండి ఒంటబడుతోంది."

"అవునవును, కనిపిస్తోంది." పొయ్యి దగ్గర ముందుకు వంగి చూసింది. "ఆ చెయ్యి దగ్గర కుట్టు విడిపోయింది. విప్పు, కుడతా."

"విప్పను."

"సరే, విప్పకు." సూదీ దారం తెచ్చి, నా ఒంటిమీద ఉండగానే కుట్టింది. మూడు చొక్కాల అంచులు చూసింది, లెక్కపెట్టింది. సూది గుచ్చుకుంటుందేమోనని ఎడమచేతి వేలు లోపల అడ్డం పెట్టుకుని కుట్టింది. దారం పళ్ళతో కొరికేటప్పుడు ఆవిడ ముక్కు చొక్కాకి ఆనింది. కాసేపు అలాగే ఉంచింది.

పన్నెండో నెల, 15

ఆజూ వచ్చింది. పడవ సరంగు పెళ్ళాం. తలకి తెల్ల ఉన్నిపువ్వు, మొగుడు పోయిన గుర్తు. ఎండబెట్టిన పాముచేప సగం ముక్క తెచ్చింది, పండక్కని.

"పిలిచాక నిద్రపడుతోంది ఒదినా," అంది. "అంతకుముందు తలుపు చప్పుడైతే చాలు లేచిపోయేదాన్ని. ఇప్పుడు ఎక్కడున్నాడో తెలుసు. కొండమీదున్నాడు. పండక్కొస్తాడు. తిని పోతాడు. వెనకటికీ అంతేగా, తిని పోవడమే కదా ఆయన చేసింది."

నవ్వింది. నేను నవ్వలేదు.

"మీ ఆయన్ని కూడా రానీ ఒదినా. మావాడికి పేకాటకి తోడు లేడు."

ఏమన్నానో మొత్తం గుర్తు లేదు. నీ మొగుడి మాట విని వెళ్ళబట్టే కదా అన్నాను. ఒక మనిషి తక్కువైతే పడవ ఆపొచ్చు కదా అన్నాను. నీకు పిలవడం తేలికే, నీకు ఇద్దరు పిల్లలున్నారు అన్నాను. ఆజూ చేప బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది. ఏడ్వలేదు. ఏడ్చినా బాగుండేది.

అత్త వంటింట్లోంచి అంతా విని, "తల పొగరే నీకు" అంది. మెచ్చుకున్నట్టుగా ఉంది. నాకలా అనిపించి ఉంటుంది.

పన్నెండో నెల, 17

ఉత్తరం రాలేదు.

పన్నెండో నెల, 18

ఉత్తరం రాలేదు. పండగ రద్దీ. ఉత్తరాల సంచులు నాలుగేసి రోజులు రేవులోనే పడుంటాయని చెప్పారు.

పన్నెండో నెల, 20

ఇది ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ రాస్తే ఎవరికైనా చెప్పినట్టు కాదు.

పదో నెల ఏడున, ఆయన బయల్దేరే ముందు రోజు, పసుపు చేప ఆవిరి మీద ఉడికించాను. అత్త ఆ పూట గుడికి వెళ్ళింది. ఇద్దరమే తిన్నాం. తిన్నామంటే ఆయన తిన్నాడు, నేను మాట్లాడాను. ఈ చలికాలం పడవెక్కనని మాటిచ్చాడు. అవతల ఒడ్డున ఒక డాక్టరు ఉంది, పెళ్ళై తొమ్మిదేళ్ళైనా పిల్లల్లేనివాళ్ళకి కూడా కడుపు పండించిందట. ఇద్దరూ వెళ్ళాలి, ఒక్కరు వెళ్తే చూడదు. సరేనన్నాడు. ఆజూ మొగుడొచ్చి, సావడ చేప దండిగా పడుతోంది, ఒక మనిషి తక్కువయ్యాడు అనేసరికి దానికీ సరేనన్నాడు. ఆయనకి అందరితోనూ సరే.

చేప పైభాగం అయిపోయింది. ఇక్కడ ఐదేళ్ళ పిల్లకైనా తెలుసు, పైభాగం అయిపోతే ముల్లు ఎత్తి పక్కన పెట్టి కింద భాగం తినాలి. చేపని తిప్పకూడదు. తిప్పడం అనే మాట కూడా అనకూడదు. చేప బోర్లాపడితే పడవ బోర్లాపడుతుంది.

నేను పుల్లలతో చేపని తిప్పేశాను.

పొరపాటున కాదు. ఆయన మొహంలోకి చూస్తూ తిప్పాను. చూద్దాం ఇప్పుడెలా వెళ్తావో అని. ఇంత చేశాక వెళ్ళడనుకున్నాను. ఏ జాలరీ వెళ్ళడు. అరుస్తాడు, బల్ల తంతాడు, కానీ ఆగిపోతాడు. అదే లెక్క.

ఆయన అరవలేదు. కాసేపు చేపని చూశాడు. తర్వాత ఆ రెండో వైపు కూడా తినేశాడు, నిదానంగా, ఒక్క ముక్క వదలకుండా. "ఉప్పు తక్కువైంది" అన్నాడు. అంతే.

పొద్దున రేవు దాకా వెళ్ళలేదు నేను. పక్కకి తిరిగి పడుకున్నాను. తలుపు మెల్లగా వేశాడు, నాకు నిద్ర చెడకూడదని.

చేప తిరిగితే పడవ తిరుగుతుందా? తిరగదు. ముసలోళ్ళ మాటలు. బళ్ళో చదువుకున్నదాన్ని, నాకు తెలుసు. తిరగదు. తిరిగి ఉంటే ఆయన పోయినట్టే. ఆయన పోలేదు. అంటే తిరగలేదు.

పన్నెండో నెల, 21

నిన్న రాసిన పేజీ చింపబోయాను. చింపితే దానికి జతగా ఉన్న పేజీ కూడా ఊడొస్తుంది. ఉంచాను.

పన్నెండో నెల, 23

పొయ్యి దేవుణ్ణి పైకి పంపే రోజు. ఏడాదంతా పొయ్యి పైన గోడమీద కూర్చుని చూసిందంతా ఇవాళ పైకెళ్ళి చెప్తాడు. తీపి మాటలే చెప్పాలని కాగితం బొమ్మ మూతికి బెల్లంపాకం పూస్తాం. అత్త వేలితో కొంచెం పూసి, పసుపు కాగితాలు తేవడానికి లోపలికెళ్ళింది.

పొయ్యి దగ్గర్నుంచి మా తిండిబల్ల తిన్నగా కనిపిస్తుంది. ఇన్నేళ్ళలో ఆ సంగతి పట్టించుకోలేదు.

నేను ఇంకా పూశాను. గిన్నెలో ఉన్నదంతా పూశాను. మూతి, గడ్డం, చెవులు. అత్త వచ్చి చూసి, "ఏమే, వాడు మాట్లాడ్డానికి పోతున్నాడా, పెళ్ళికి పోతున్నాడా?" అంది.

"చల్లగా ఉంది, పాకం అంటుకోవట్లేదు."

"ఏం చేశావేమిటి ఇంత పూయడానికి?"

నవ్వుతూనే అడిగింది. నేను ఖాళీ గిన్నె నీళ్ళలో పడేశాను. బొమ్మని గోడమీంచి తీసి కాల్చేటప్పుడు పాకం బుసబుసమని పొంగింది. మూతి దగ్గరే ఆలస్యంగా కాలింది.

పన్నెండో నెల, 26

బంకబియ్యం దంచి దిమ్మలు చేశాం. ఆజూ కూడా వచ్చింది దంచడానికి. ఆ రోజు మాటలు ఎత్తలేదు. రోకలి నా వంతు వచ్చినప్పుడు నా చేతులు చూసి, "ఇటివ్వు ఒదినా" అని తీసుకుంది. క్షమించమని అడగాల్సింది. అడగలేదు.

పన్నెండో నెల, 27

ఉత్తరం వచ్చింది.

కొరియా ఓడ ఎక్కించుకున్నది నిజమే. ఆరుగురిని. పదో నెలాఖరుకే ఒడ్డుకి చేర్చారట. షాన్‌డోంగ్ వాళ్ళు, మా పడవవాళ్ళు కాదు. ఆరు పేర్లూ రాశాడు, తండ్రుల పేర్లతో సహా. కింద "ఒదినా, ఒళ్ళు జాగ్రత్తగా చూసుకో" అని రాశాడు.

అత్తకి చదువు రాదు. "ఏం రాశాడు?" అంది.

"ఆరా తీస్తున్నాడట."

"ఊఁ," అంది. కాగితం నా చేతిలోంచి తీసుకుని అటూ ఇటూ చూసి, నాలుగు మడతలు పెట్టి నాకే ఇచ్చింది. "ఆరా తీయాలి మరి."

పన్నెండో నెల, 28

పేర్లు తప్పు రాస్తుంటారు. మా పెళ్ళి కాగితంలో కూడా నా పేరు తప్పు రాశారు.

పన్నెండో నెల, 29

మరిది, తోడికోడలు పొద్దుటి పడవలో వచ్చారు. మరిది అవతల ఒడ్డున పెంకుల బట్టీలో చేస్తాడు. వస్తూనే అమ్మ చెయ్యి పట్టుకున్నాడు, నా మొహం చూడలేకపోయాడు. అన్నలాగే నడుస్తాడు, భుజం ఒకవైపు వంచి. తలుపులో వెలుగుకి అడ్డంగా కనిపించినప్పుడు చేతిలో చేట జారిపోయింది. అత్తకీ అంతే అయి ఉంటుంది. "వచ్చేముందు దగ్గొచ్చు కదరా" అని వాణ్ణి తిట్టింది.

పనులు చాలా ఉన్నాయి. బాతు ఉడకాలి, పంది మాంసం ఆవాకుతో మగ్గాలి, చేపలు రెండు, రేపు తిరగలి ఆడకూడదు కాబట్టి పిండి ఇవాళే. తోడికోడలు మంచిది, అడక్కుండానే కూరలు కడిగింది. మధ్యాహ్నం అందరికీ అన్నం వడ్డించాను. ఆయన గిన్నె కూడా పెట్టాను. ఎప్పటిలాగే అందరూ లేచాక గిన్నె తీసి, నిలబడి, ఆ చల్లన్నం తింటున్నాను.

తోడికోడలు చూసి, "అక్కా, రోజూ ఇది నువ్వే తింటావా?" అంది.

నేనే తింటానన్నాను. పారేయకూడదు కదా అన్నాను.

అన్నాక గిన్నె కింద పెట్టేశాను. రోజూ రెండు పూటలా నేనే తింటున్నాను. పెట్టేది నేనే, తినేది నేనే. ఎనభై రోజులుగా ఆయనేమీ తినలేదు. అత్త చెప్పింది నిజమైతే, ఎనభై రోజులుగా ఆయన ఆకలితో ఉన్నాడు, నేను ఆయన గిన్నె నాకుతున్నాను. ఆ చలిలో. ఆజూ మొగుడు తింటాడు రేపు. మిగతావాళ్ళూ తింటారు. పడవలో కలిసి కూర్చుని ఒకే కుండలో తిన్న ఆ నలుగురు. ఆయన వాళ్ళ వెనక నిలబడతాడు. ఎవరన్నా అడిగితే ఏం చెప్తాడు? మా ఆవిడ ఒప్పుకోలేదని చెప్తాడా? చెప్పడు. సరేలే అని ఊరుకుంటాడు.

నా తప్పు బయటపడుతుందని కదా నేను పట్టుబట్టింది. ఆయన పోయాడంటే చేప తిప్పింది నేను. ఆయన పోలేదంటే నేనేమీ చేయలేదు. నా కోసం ఆయన్ని పస్తు పెట్టాను.

అక్కడ గుంజకి ఆనుకుని కూర్చుండిపోయాను. తోడికోడలు నీళ్ళిచ్చింది.

రేపు పెడతాను.

పన్నెండో నెల, 30

మధ్యాహ్నం దేవుళ్ళ పూజ అయిపోయాక బల్ల తిప్పాం. దేవుళ్ళకి బల్లచెక్కలు అడ్డంగా ఉండాలి, పెద్దలకి నిలువుగా, గుమ్మం వైపు. మరిది, నేను చెరోవైపు పట్టుకుని తిప్పాం. కుర్చీలు వేశాం. తలుపు తెరిచి పెట్టాం. కొవ్వొత్తులు, అగరుబత్తి, బాతు, మాంసం, చేప, పెరుగురంగు సోయా ముక్కలు, బియ్యపు దిమ్మలు. అత్త వంటింట్లో రెండో చేప పళ్ళెంలోకి ఎత్తుతోంది.

గిన్నెలు పెట్టడం ఎప్పుడూ నా పనే. ఎనిమిది. మామ, ఆయన అమ్మానాన్నా, వాళ్ళ పైవాళ్ళు, చిన్నప్పుడే పోయిన ఆడబిడ్డ. ఎనిమిది గిన్నెలు, ఎనిమిది గ్లాసులు, ఎనిమిది జతల పుల్లలు. తర్వాత వెళ్ళి నీలం అంచు గిన్నె తెచ్చాను. అన్నం నిండుగా, గోపురంలా పెట్టాను, పొగలు వస్తున్నాయి. మామ పక్కన కుర్చీ ముందు పెట్టాను. గ్లాసు పెట్టాను. పుల్లలు పెట్టాను, నిలువుగా. మరిది చూశాడు. తలొంచుకున్నాడు.

మనసులో పిలిచాను. రెన్‌ఫా, తినడానికి రా. పైకి అనలేకపోయాను. అయినా పిలిచాను.

అత్త చేప పళ్ళెం పట్టుకుని వచ్చింది. బల్లమీద పెట్టింది. గిన్నెలు లెక్కపెట్టడం ఆవిడ అలవాటు, పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. ఆగింది. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

"ఇదెవరిది?"

"మీ అబ్బాయిదత్తా."

ఆవిడ కుర్చీల మధ్యలోంచి దూరింది. ఆ సమయంలో కుర్చీని తాకకూడదు, పెద్దలు కూర్చుని ఉంటారు. రెండు కుర్చీలు పక్కకి తోసేసింది. గిన్నెని రెండు చేతులతో లాక్కుంది. వేడన్నం కోటు మీద, చేతుల మీద పడింది.

"ఎవరే నీకు చెప్పింది? నా కొడుకు చచ్చాడని ఎవరు చెప్పారే నీకు?"

"అత్తా, మీరే కదా…"

"నేనంటే అంటాను! ముసలిముండని, నూరంటాను! నువ్వెందుకు వినాలి?"

"అమ్మా, కుర్చీలు…" అన్నాడు మరిది.

"తగిల్తే తగిలాయి! మీ నాన్నకి కోపమొస్తే నాతో చెప్పమను!" నా వైపు తిరిగింది. ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు. "రోజూ నేను అంటూనే ఉన్నాను, రోజూ నువ్వు కాదంటూనే ఉన్నావు. గడ్డి తెస్తే కాల్చావు. చొక్కాలు ఇవ్వలేదు. ఆజూ వస్తే తరిమావు. ఇవాళేమొచ్చిందే నీకు? ఆ ఉత్తరంలో ఏముందే?"

నేనేమీ చెప్పలేదు. చెప్పకపోవడమే చెప్పినట్టైంది.

ఆవిడ గిన్నె ఒళ్ళో పెట్టుకుని పొయ్యి ముందు పీటమీద కూలబడింది. ఏడుపు కూడా కాదు అది. నోరు తెరిచే ఉంది, గాలి లోపలికి పోతోంది, బయటికి రావట్లేదు. తోడికోడలు వీపు రాసింది. మరిది కుర్చీలు సరిచేసి, దండం పెట్టి, మూడుసార్లు మద్యం పోశాడు. పెద్దలు ఏం తిన్నారో వాళ్ళకే తెలియాలి.

వెలుగుండగానే కూరలు వెచ్చబెట్టి, బల్ల మళ్ళీ తిప్పి, మేం కూర్చున్నాం. అత్త లేచొచ్చింది. చెప్పకుండానే నీలం గిన్నెలో కొత్త అన్నం పెట్టి, ఎప్పటి చోట పెట్టింది. మరిది ఇంటికి దూరంగా ఉన్నవాళ్ళు క్షేమంగా ఉండాలని గ్లాసెత్తాడు. అందరం ఎత్తాం. ఊళ్ళో టపాకాయలు మొదలయ్యాయి. అత్త పుల్లలు పట్టుకుని చివరిదాకా కూర్చుంది. ఒక్క ముద్ద తినలేదు.

రెండు నెలలుగా ఆవిడ నా మొండితనం తిని బతికింది. నాకిప్పుడు తెలిసింది. ఆవిడ పోయాడని అంటుంటే నేను కాదనాలి. ఆ కాదనడం వినడానికే అంటోంది. ఇన్నాళ్ళూ ఆవిడ ఆకలి తీర్చిన ఆ ఒక్క మాటా ఇవాళ నా చేత్తో నేనే తీసేశాను.

మొదటి నెల, 1

ఇవాళ చెడ్డమాట ఏదీ అనకూడదు. ఎవరమూ ఏమీ అనలేదు.

అత్త తినలేదు. మంచినీళ్ళు కూడా రెండే గుక్కలు.

మొదటి నెల, 2

తోడికోడలు పుట్టింటికి వెళ్ళే రోజు. మరిది వెళ్ళనన్నాడు, నేనే పంపాను. వాడి భుజం చూసినప్పుడల్లా అత్త కళ్ళు మూసుకుంటోంది.

ఇద్దరమే మిగిలాం. గోడ వైపు తిరిగి పడుకుంది. గంజి పట్టుకెళ్ళాను, వద్దంది. పంచదార నీళ్ళు, వద్దంది. "ఆయన వస్తాడత్తా" అన్నాను.

"మొన్న గిన్నె పెట్టినదానివి. నీ మాటకేం విలువ."

ఎముకలన్నీ దుప్పటి మీద తేలి కనిపిస్తున్నాయి. రెండు రోజుల్లో మనిషి ఇంతలా తరిగిపోతుందా? ఇలాగే ఉంటే ఎన్నాళ్ళుంటుంది? ఒకరిని నేను తీశాను. ఈవిడని కూడా నేనే తీస్తానా?

మంచం పక్కన కూర్చున్నాను. చాలాసేపయ్యాక గోడ వైపు నుంచే అంది, చిన్నగా:

"పండగ పదిహేను రోజులూ వెళ్ళాక పిలుద్దాం. గడ్డి తెప్పిస్తా."

అని ఆగింది. ఊపిరి కూడా ఆపింది. వీపు కదలట్లేదు.

నాకు అర్థమైంది. పిలుద్దామత్తా, నేనూ పిలుస్తాను, కొండమీద ఉంటాడు, పండక్కొచ్చి తింటాడు అనాలని ఉంది. ఆజూలాగా నిద్రపోవాలని ఉంది. ఒక్కసారి పైకి పేరు పెట్టి పిలిచి, ఒడ్డున కూర్చుని, చేప సంగతి చెప్పేసి, నెత్తి బాదుకోవాలని ఉంది.

"పిలవను" అన్నాను.

"ఏమే?"

"బతికున్న మనిషిని ఎవరన్నా పిలుస్తారా? మీకు మతి గానీ పోయిందా?"

వీపు కదిలింది. "మరి మొన్న గిన్నె?"

"లెక్క తప్పాను."

"లెక్క తప్పావా?"

"ఊఁ. ఎనిమిదనుకుని తొమ్మిది పెట్టేశాను. మీరడిగితే ఏం చెప్పాలో తోచక ఏదో అన్నాను. దానికే కుర్చీలన్నీ పడేశారు."

ఇంత అబద్ధం ఎవరు నమ్ముతారు? మోచెయ్యి ఆనించి మెల్లగా ఇటు తిరిగింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. నన్ను చూసింది, నేను చూపు తిప్పుకోలేదు.

"ఎనిమిది గిన్నెలు లెక్కపెట్టడం రాదా నీకు? మీ అమ్మ ఏం నేర్పి పంపిందే?"

"మీరు నేర్పాల్సింది. తొమ్మిదేళ్ళుగా ఏం చేశారు?"

"నోటికి మాత్రం తక్కువ లేదు, మొండిదానా." లేచి కూర్చుంది. జుట్టు ముడి వేసుకుంటూ, "పొయ్యి మీద ఏముంది?" అంది.

బియ్యపు దిమ్మ ముక్కలు కోసి, ఆకుకూర వేసి కాచాను. ఒక గిన్నె తింది. ఇంకో అరగిన్నె అడిగి తింది. వేడికి చెమట పట్టింది. చెమటే అనుకుందాం.

రెన్‌ఫా పోయాడు. ఈ పుస్తకంలో ఒక్కసారి రాసుకుంటున్నాను. మళ్ళీ రాయను, ఎవరితోనూ అనను, ఆవిడున్నన్నాళ్ళూ పిలవను. ఆకలితోనే ఉండు. నన్ను తిట్టుకో.

వంటింట్లోంచి కేకేస్తోంది. గడ్డి గురించే. వెళ్ళి కాదనాలి.